మూడు నొక్కులు, ఒకే క్షణం

వ్లాస్తా కుబేషోవా బస్సు దిగి, పొగ వాసన పట్టుకుని ఆ ఇంటి గేటు దాకా వచ్చి అప్పటికి పావుగంట. సెప్టెంబరు శనివారం, మిట్టమధ్యాహ్నం. పెరట్లో రాగి కాగులో ఆలుబుఖారా పళ్ళు ఉడుకుతున్నాయి. తెడ్డు పట్టుకున్న పెద్దాయన అక్కణ్ణుంచి కదలకుండానే జవాబులిస్తున్నాడు.

"లేడన్నాను కదమ్మా. ట్రుహ్లార్ బ్ర్నో నగరం వెళ్ళాడు. సోమవారం ఆఫీసులో కనుక్కోండి."

"సోమవారం పదింటికే నా విచారణ. ఆయన్ని అంతకు ముందే చూడాలి. మీరెవరు మరి?"

"పక్కింటివాణ్ణి."

"పక్కింటివాళ్ళొచ్చి ఆయన కాగు తిప్పిపెడుతున్నారా?"

"ఇక్కడ అంతే. ఒకరికొకరం."

"నేనూ పల్లెలోనే పుట్టాను. సొంత పెళ్ళాం చేతికైనా ఇస్తాడేమోగానీ, పక్కింటివాడికి తన కాగు తెడ్డు ఏ మగాడూ ఇవ్వడు. బొహుమిల్ ట్రుహ్లార్ మీరే."

"గేటుకి గడియ లేదు. తోసుకుని రండి."

"వచ్చాను. నేనెవరో తెలుసా?"

"కోటు చూస్తే రైల్వే. అంతకంటే తెలియదు."

"వ్లాస్తా కుబేషోవా. లూచ్కా స్టేషన్లో చేస్తాను. రైలు గేటు దించడం మరిచిపోయిందని అంటున్నారే, ఆ మనిషిని."

"ఓహో."

"ఓహో ఏమిటి ఇంజనీరుగారూ?"

"ఏం లేదు. పేపర్లో చదివాను."

"ఏం చదివారు?"

"బండి వచ్చేసరికి గేటు పైకే ఉందని. ట్రాక్టరు నడిపేవాడికి తుంటి విరిగిందని."

"హావ్లిష్. బంగాళాదుంపలు వేసుకుని పోతున్నాడు. మూడు వారాలైంది, ఆస్పత్రిలో ఇంకా మంచం దిగలేదు. నేను వాళ్ళింటికి వెళితే వాళ్ళావిడ తలుపు తీయలేదు. తెచ్చిన కేకు గుమ్మం మీదే పెట్టి వచ్చాను."

"కూర్చోండి. అదిగో, ఆ దుంగ మీద. కోటుకి మసి అంటుతుంది, చూసుకోండి."

"సోమవారం తర్వాత ఈ కోటు నా ఒంటి మీద ఉండదు, మసి అయితేనేం. ఉద్యోగం తీసేస్తారు, ఆ పైన పోలీసు కేసు. ఇరవై ఆరేళ్ళు చేశాను."

"నా దగ్గరికి ఎందుకొచ్చారో మాత్రం అర్థం కాలేదు."

"అర్థం కాలేదా?"

"లేదు."

"విచారణ సంఘం వాళ్ళు నాకు ఒక కాగితం ఇచ్చారు. గేటు దగ్గరున్న పెట్టెకి ఏ సందేశం ఎప్పుడు అందిందో రాసిన జాబితా. దాని అడుగున, చిన్నక్షరాలతో, సమయముద్రల బాధ్యుడు ఇంజనీరు బి. ట్రుహ్లార్ అని ఉంది. చత్వారం అద్దాలు పెట్టుకుని చదివాను."

"అడుగున ఉన్నది ఎవరూ చదవరు."

"చదవరనే కదా అడుగున పెడతారు."

"మిమ్మల్ని ఎవరు పంపారు? యూనియన్ వాళ్ళా?"

"ఎవరూ పంపలేదు."

"ఆ సంచిలో ఫోను ఉందా?"

"ఉంది."

"తిరుగుతోందా? మన మాటలు ఎక్కుతున్నాయా?"

"మీరేం చెప్పారని ఎక్కడానికి? పక్కింటివాణ్ణని చెప్పారు, అదా?"

"తీసి ఆ కిటికీ మీద పెట్టండి. తెర పైకి ఉండేట్టు."

"పెట్టాను. మీ ఫోనేదీ?"

"ఇంట్లో."

"దాన్నీ తెచ్చి పక్కన పెట్టండి."

"తిప్పడం ఆపితే అడుగంటుతుంది."

"తెడ్డు ఇలా ఇవ్వండి. నేను తిప్పుతాను."

"ఏ మగాడూ ఇవ్వడని ఇందాకే అన్నారు."

"పక్కింటివాడికి ఇవ్వడన్నాను. ఇటివ్వండి."

రెండు ఫోన్లూ కిటికీ మీద పక్కపక్కన చేరాయి. తెడ్డు వ్లాస్తా చేతిలోనే ఉండిపోయింది.

"అంచుల్లోంచి లాగండి. మధ్యలో తిప్పితే చాలదు."

"నాకు నేర్పకండి. ఈ పనిలో మా అమ్మ నా చేతి మీద ఎన్ని దెబ్బలు వేసిందో. ఇక నేను అడిగేది వినండి. ఆరోజు బండి కదిలేటప్పుడు ఒక చేత్తో జెండా ఊపాను, రెండో చేత్తో గేటు మీట నొక్కాను. మామూలుగా పది సెకన్లలో పచ్చదీపం వెలుగుతుంది, గేటు దిగిందని. వెలగలేదు."

"ఊఁ."

"ఆగాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగాను. మూడోసారి నొక్కాను. అప్పుడు రేడియో తీసి డ్రైవరుకి చెప్పాను, గేటు దిగలేదయ్యా, బ్రేకు వెయ్యమని. వేశాడు. వేశాడు కాబట్టే హావ్లిష్ బతికాడు."

"ఎంతసేపు ఆగారు, నొక్కుకీ నొక్కుకీ మధ్య?"

"లెక్కపెట్టుకోలేదు. మొదటిసారి ఇరవై దాకా అయ్యుంటుంది. రెండోసారి కొంచెం తక్కువ."

"కాగితంలో ఏముంది?"

"మీకు తెలియదా?"

"అడుగుతున్నాను కదా."

"పన్నెండూ నలభై ఒకటీ యాభై రెండు సెకన్లు. మొదటిదానికీ అదే. రెండోదానికీ అదే. మూడోదానికీ అదే. బండి కదిలింది నలభై ఒకటికి. అంటే యాభై రెండు సెకన్లు ఆకాశం చూస్తూ కూర్చుని, అప్పుడు గుర్తొచ్చి, కంగారులో మీటని దడదడ బాదానట. విచారణలో ఒకాయన బల్ల మీద కొట్టి చూపించాడు కూడా, ఇలా బాది ఉంటారు అని."

"కంగారులో బాదేవాళ్ళున్నారు."

"ఉన్నారు. నేను బాదలేదు. ఆ సమయాలు మీరు మార్చారు."

"ఏమన్నారు?"

"మార్చారన్నాను. లేదా మార్చమన్నవాళ్ళకి సాయం చేశారు. మీ పెట్టె పాడైందని తేలితే మీ కంపెనీ పరువు పోతుంది. ఒక స్టేషన్ ఆవిడ మరిచిపోయిందంటే ఎవరికీ నష్టం లేదు."

"నేను ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"ఉన్నారా ఆవిడ?"

"లేదు."

"అయితే ఆ ఒట్టు నాకెందుకు. ఇది చెప్పండి, ఒక మనిషి ఒకే సెకనులో మూడుసార్లు నొక్కగలదా?"

"నొక్కగలదు. సెకనంటే చాలా పొడుగు. అందులో ఏడెనిమిది సార్లు కూడా నొక్కొచ్చు. సెకను తర్వాత ఆరంకెల దాకా చూసి, అందులో కూడా మొదటి నొక్కుకీ మూడో నొక్కుకీ తేడా తొమ్మిదే ఉంటే, అప్పుడు అనుమానించాలి. సెకనుని పది లక్షల వంతులు చేస్తే అందులో తొమ్మిది. అది ఏ వేలూ చెయ్యలేదు."

"తొమ్మిదా?"

"మాటవరసకి."

"నా కాగితంలో సెకన్ల దాకానే ఉంది ఇంజనీరుగారూ. తర్వాత అంకెలు కొట్టేసి ఇచ్చారు. తొమ్మిదని మీకెవరు చెప్పారు?"

"మాటవరసకి అన్నానమ్మా."

"మాటవరసకి పది అంటారు. వంద అంటారు. తొమ్మిది ఎవరూ అనరు."

"గబగబా తిప్పకండి, చిందుతుంది."

"అసలు కాగితం మీరు చూశారు."

"ఆ కొస మీద మంట ఎక్కువైంది. ఒక కట్టె ఇవతలకి లాగాలి."

"చూశారా లేదా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఆ మర్నాడే."

"మూడు వారాల కిందట."

"అవును."

"చూసి, ఏ వేలూ చెయ్యలేదని తెలిసీ, మూడు వారాలు ఊరుకున్నారు. ఇందాక పేపర్లో చదివానన్నారు."

"పేపర్లో కూడా చదివాను."

"నేను రాత్రుళ్ళు లేచి కూర్చుని, గోడ మీద వేలితో నొక్కి చూసుకున్నాను, నిజంగా మూడుసార్లు నొక్కానా, ఒక్కసారే నొక్కి మూడనుకుంటున్నానా అని. మా ఆయన నాకు మతి తప్పిందనుకున్నాడు. నేనూ అనుకున్నాను. అదంతా మీకు తెలుసు."

"మీ సంగతి తెలియదు. అంకె తెలుసు."

"అయితే అంకె సంగతే చెప్పండి. అర్థమయ్యేట్టు చెప్పండి. నేను చదివింది రైల్వే బడి."

"నేను చదివింది ఈ ఊరి బడి. మీ ఊళ్ళో సారా బట్టీ ఉందా?"

"లేని ఊరుందా ఇక్కడ?"

"పళ్ళు పులియబెట్టి, పీపాల్లో పోసి అందరూ బట్టీకి తెస్తారు. వరసలో దింపుతారు. లోపల ఒకడు కూర్చుని ఒక్కొక్క పీపా మీద ఎప్పుడొచ్చిందో సుద్దతో రాస్తాడు. గేటు దగ్గర పెట్టెలో కూడా అలాంటివాడు ఒకడున్నాడు. వాణ్ణి కెర్నెల్ అంటాం. బయటినుంచి ఏ సందేశం వచ్చినా ముందు వాడి చేతికే వస్తుంది. ఆ సందేశాల మూటల్నే ప్యాకెట్లంటాం. వాడు సమయం వేసి లోపల పనిచేసే ప్రోగ్రాముకి ఇస్తాడు. గేటుని దించేది ఆ ప్రోగ్రాము."

"సరే."

"ఆ పెట్టె చవకది. అందులో గడియారం దూరంగా ఉంది. అంటే, చూసి రావడానికి సమయం పడుతుంది. కెమెరా, గాలీ వానా చెప్పే యంత్రం, పట్టాల కింద యంత్రాలు, అన్నీ కలిపి సెకనుకి పద్దెనిమిది వేల ప్యాకెట్లు. ఒక్కోదానికీ వాడు లేచి గోడ దాకా నడిచి గడియారం చూసి రావాలి. పని కంటే నడకే ఎక్కువ."

"మరి మీరేం చేశారు?"

"ఎవరైనా సమయం అడుగుతుంటేనే గడియారం చూడమన్నాను. అడిగేవాడు లేనప్పుడు చూడక్కర్లేదు. అది నా ఒక్కడి తెలివి కాదు, చాలామంది చేస్తారు. నేను ఇంకో మెట్టు దిగాను. అడిగినవాడు నిద్రపోతుంటే కూడా చూడక్కర్లేదని రాశాను. ఆ ఒక్క మార్పుతో పెట్టె మీద బరువు నూటికి పదకొండు పాళ్ళు తగ్గింది. ఆఫీసులో అందరూ భుజం తట్టారు."

"నిద్రలో ఉండగా వచ్చిన పీపాల మీద ఏం రాస్తాడు?"

"ఏమీ రాయడు. ఖాళీగా వరసలో ఉంటాయి. నిద్రలేచిన ప్రోగ్రాము వాటిని తీసుకుంటూ ఇదెప్పుడొచ్చిందని అడుగుతుంది. అప్పుడు గడియారం చూస్తాడు. ఆ క్షణం ఎంతయితే అంత వేస్తాడు."

"వచ్చిన సమయం కాదు."

"కాదు. తీసుకున్న సమయం."

"అంటే నా మూడు నొక్కులూ వచ్చి వరసలో కూర్చున్నాయి."

"కూర్చున్నాయి. తీసుకునేవాడు లేచి మూడింటినీ ఒకదాని వెంట ఒకటి తీశాడు. మధ్యలో పట్టిన సమయం పది లక్షల వంతుల్లో తొమ్మిది."

"నేను నొక్కాను."

"నొక్కారు."

"మూడుసార్లు, ఆగి ఆగి నొక్కాను."

"అవునమ్మా."

"ఇంకోసారి అనండి."

"మీరు సరిగ్గానే నొక్కారు. గేటు దిగకపోవడం మీ తప్పు కాదు. ఆ తప్పు ఎవరికీ కనబడకుండా కప్పింది నా సమయముద్ర. అదే సరిగ్గా ఉండి ఉంటే, సందేశం అప్పుడొచ్చింది, ప్రోగ్రాము ఇప్పుడు తీసింది అని తేడా కనిపించేది. మిమ్మల్ని ఎవరూ పిలిచేవారే కాదు."

"ఇది సోమవారం వచ్చి చెప్పండి."

"తెడ్డు ఇటివ్వండి, అలిసిపోయారు."

"అలిసిపోలేదు. చెబుతారా?"

"ఒక చుక్క తాగుతారా? పోయినేటి బట్టీది."

"తాగను. మాట తప్పిస్తున్నారు."

"తప్పించడం లేదు. నాకు కావాలి, ఒక్కణ్ణే తాగితే బాగుండదని."

"పొయ్యండి అయితే. సగమే. ఊఁ. ఇది గట్టిగానే ఉంది."

"మా చెట్లవే."

"ఒక సంగతి నా బుర్రకెక్కలేదు ఇంజనీరుగారూ. గేటు దించే ప్రోగ్రాము నిద్రపోవడమేమిటి? బండి వచ్చే వేళ అది ఎందుకు నిద్రపోయింది?"

"ప్రోగ్రాములు ఒక్కోసారి ఆగుతాయి."

"వాటంతట అవేనా?"

"కారణాలు చాలా ఉంటాయి."

"మా స్టేషన్లో ఆ పెట్టె పెట్టి ఏణ్ణర్ధమైంది. ఒక్కసారి కూడా దీపం ఆలస్యం కాలేదు. ఆరోజే ఎందుకైంది? ఎంతసేపు ఆగింది?"

"ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లు."

"అది కూడా మాటవరసకేనా?"

"కాదు."

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?"

"అడుగంటిన వాసన వస్తోంది."

"రావడం లేదు. నేను తిప్పుతున్నాను. ఎలా తెలుసు?"

"పన్నెండూ నలభై, ముప్ఫై సెకన్లకి ఆపాను. నలభై ఒకటీ యాభై రెండుకి వదిలాను."

"ఆపాను అన్నారు."

"అన్నాను."

"మీరు ఆపారు."

"బ్ర్నోలో నా బల్ల దగ్గర కూర్చుని. నా మార్పు వల్ల నిజంగా ఎంత మిగులుతోందో కొలవాలన్నారు. బల్ల మీద పెట్టెలో కొలిస్తే నమ్మం, పనిచేస్తున్న పెట్టెలో కొలవమన్నారు. కొలిచే సాధనం తగిలించడానికి ప్రోగ్రాముని కాసేపు ఆపాలి. మేలుకొలిపితే అది వదిలిన చోటే అందుకుంటుంది. ముందు అయిదుసార్లు చేశాను, ఎవరికీ తెలియలేదు."

"బండి పట్టాల మీద ఉండగా ఆపారు."

"బండి లేదనుకుని ఆపాను."

"బండి లేదనుకున్నారు."

"కావాలని చేస్తానా అమ్మా? నేను ఈ ఊరివాణ్ణి. ఆ గేటు మీదుగా గడ్డి బండి తోలినవాణ్ణి."

"నాకు ఆ మీట తెలుసు, ఆ దీపం తెలుసు. నేను మూడు వారాలు నా వేళ్ళని అనుమానించాను. మిమ్మల్ని తిట్టడానికి మాట వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు."

"దొరికినప్పుడు తిట్టండి."

"హావ్లిష్ మళ్ళీ నడుస్తాడో లేదో."

"తెలుసు. రెండుసార్లు ఆస్పత్రి దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు."

"నేను కనీసం కేకు పెట్టి వచ్చాను."

"అవును."

"మీ కంపెనీకి చెప్పారా?"

"లేదు. ఆ ఆపిన సంగతి రాసి ఉండే చిట్టా నేను తప్ప ఎవరూ తెరవరు. కానీ ఉత్తరం రాశాను. ఆ మర్నాడే రాశాను. ఉండండి."

"ఎక్కడికి?"

"లోపలికి. పారిపోను. ఇంటికి వెనక దోవ లేదు."

ఆయన మడత పెట్టిన రెండు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. వ్లాస్తా ఒక చేత్తో తెడ్డు తిప్పుతూ, రెండో చేత్తో కాగితాలను దూరంగా పట్టుకుని చదివింది.

"ఇది విచారణ సంఘానికి. తారీకు ప్రమాదం మర్నాడిదే. అన్నీ రాశారు. గేటు ఆవిడ తప్పు లేదని కూడా రాశారు."

"రాశాను."

"ఎందుకు పంపలేదు? కవరు దొరకలేదా?"

"మూడో పేరా చూడండి. కొట్టేసి ఉన్నది."

"కొట్టేసినా కనబడుతోంది. 'ఆపే ముందు, పన్నెండూ ముప్ఫై ఎనిమిదికి, రైళ్ళ పట్టీ తెరిచి చూశాను. లూచ్కా నుంచి బండి పన్నెండూ ఇరవై తొమ్మిదికే కదిలినట్టు అందులో ఉంది.' ఇది ఎందుకు కొట్టేశారు?"

"కదిలిన బండి నిమిషంలోపే ఆ గేటు దాటుతుంది. తర్వాత బండి ఒకటీ యాభైకి. అంటే పట్టాలు ఖాళీ. అది చూసే ఆపాను."

"అర్థమైంది. ఎందుకు కొట్టేశారు?"

"ఉత్తరం కవరులో పెట్టేముందు పట్టీ మళ్ళీ తెరిచాను, అంకె సరిగ్గా రాశానో లేదో అని. అందులో పన్నెండూ నలభై ఒకటి అని ఉంది. ఇరవై తొమ్మిది ఎక్కడా లేదు."

"ఊఁ."

"స్టేషన్లవాళ్ళు కొట్టే ఆ పట్టీ పాత అంకె దాచదు. చివరగా కొట్టిందే ఉంటుంది. అలా చూస్తూ ఉండిపోయాను. నేను చూసింది వేరే స్టేషన్ వరసేమో అనుకున్నాను. నిన్నటిదేమో అనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, కళ్ళు బాగున్నాయన్నాడు."

"ఊఁ."

"ఇంటర్‌నెట్ ప్యాకెట్‌కి గడియారం ఎప్పుడు చూడాలో చెప్పేవాణ్ణి, ఒక పట్టీలో రెండంకెలు చదవలేకపోయాను. ఇంతకాలం కోడు రాశాను, ఎవరు ఏం చెప్పినా నమ్మను, నేను చూసింది మాత్రం నమ్ముతాను. అదే లేకుండా పోయింది."

"అది కొట్టేసి మిగతాది పంపొచ్చు కదా."

"పంపితే ఏమవుతుంది? బండి ఇంకా కదలలేదని పట్టీలో కనబడుతుండగానే గేటు పెట్టెని ఆపినవాణ్ణి అవుతాను. అది తప్పు చెయ్యడం కాదు, నేరం. ఆ వాక్యం ఉంచితే, రికార్డులో లేని అంకె చూశానని చెప్పే అబద్ధాలకోరుని. మూడు వారాలు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. పెట్టడం, తియ్యడం."

"ఈలోపు నేను గోడని నొక్కుతున్నాను."

"అవును."

"సోమవారం ఏం చేస్తారు?"

"మీరు రాకపోయినా వెళ్ళేవాణ్ణని చెప్పను, నాకు తెలియదు. మీరొచ్చారు, ఇక వెళతాను. ఆ వాక్యం లేకుండానే ఇస్తాను. నన్ను పోలీసులకి అప్పగిస్తే అప్పగించనీండి. మీరు నొక్కారు, నేను ఆపాను. అది చాలు మీకు."

"చాలు."

"మీ ఉద్యోగం మీకుంటుంది."

"ఉంటుంది."

"బస్సు ఎన్నింటికి?"

"రెండుంబావుకి."

"అయితే బయల్దేరండి, చౌరస్తా దాకా నడవాలి. తెడ్డు ఇవ్వండి. ఒక సీసా పోసిస్తాను, ఉడికింది సగమే గానీ రొట్టెలోకి బాగానే ఉంటుంది. ఏమిటి, ఆపేశారేం? తిప్పండమ్మా, ఇప్పుడు నిజంగానే అడుగంటుతుంది."

"మా ఊళ్ళో హెర్మినా అని ఒక ముసలావిడ ఉంది ఇంజనీరుగారూ."

"ఉంటే?"

"ఎనభై నాలుగేళ్ళు. గురువారం గురువారం కంటికి సూది వేయించుకోవడానికి పట్నం వెళుతుంది. తిరిగి వచ్చేటప్పుడు లూచ్కా స్టేషన్లో బస్సు దిగి మా ఊరికి బండి ఎక్కాలి, ఆ బస్సు ఒక్కోరోజు ఆలస్యమవుతుంది. బండి తప్పిందంటే, ఆ కంటికి కట్టుతో ఒంటరిగా గంటా ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చోవాలి."

"పాపం. దానికేమిటిప్పుడు?"

"ఆమె కోసం బండి ఆపుతాను. అందరం ఎవరో ఒకరి కోసం ఆపుతాం, ఈ చిన్న లైన్ల మీద అది మామూలే. డ్రైవరు దిగి సిగరెట్టు కాల్చుకుంటాడు."

"ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు దాటితే పైనుంచి ఫోను, ఎందుకు ఆలస్యమని. ముసలావిడ కోసమంటే ఒప్పుకోరు. అందుకని ఎవరూ ఆలస్యం రాయరు. నేనూ రాయను."

"రాయకుండా ఏం చేస్తారు?"

"బస్సు టికెట్టు రానూ పోనూ తీసుకున్నాను. పావు తక్కువ ఆరుకి ఇంకోటి ఉంది, దానికి వెళతాను. కలం తెండి."

"కలమెందుకు?"

"ఆ కొట్టేసిన వాక్యం మళ్ళీ రాయండి, కింద నేను సంతకం పెడతాను. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. ఆరోజు హెర్మినా కోసం బండి స్టేషన్లో ఆగి ఉండగానే, కదలాల్సిన వేళకే కదిలినట్టు పట్టీలో పన్నెండూ ఇరవై తొమ్మిది కొట్టిందీ నేనే, హావ్లిష్‌ని అంబులెన్సు ఎక్కించాక వచ్చి దాన్ని దిద్దిందీ నేనే."